చెయ్యి పట్టకుండా ఆడించాల్సిన ఆట

ఈ మధ్య మా ఇంటికి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. నేను వదిలి వచ్చిన ఉద్యోగంలోనే కొత్తగా చేరుతున్నారట. "మేడమ్, ట్యాబ్ ఎట్ల వాడల్లో రవ్వంత చెప్పండి" అని అడిగారు. ట్యాబ్ వాడటం నేర్పడానికి ఎంతసేపు పడుతుంది? టీ చల్లారేలోపు చెప్పేశాను. వాళ్లు తాగి, దండం పెట్టి వెళ్లిపోయారు. వాళ్ల స్కూటీ సందు మలుపు తిరిగాక గాని నాకు తోచలేదు, అసలు చెప్పాల్సింది ఒక్క ముక్కా చెప్పలేదని. మళ్లీ పిలిచి కూర్చోబెట్టి చెబితే ముసలమ్మ సుత్తి అనుకుంటారు. అందుకే రాస్తున్నాను. చదివితే చదవండి, లేకపోతే లేదు.

నా పేరు మెహరున్నీసా. మాది అనంతపురం పాతూరు. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నది వేరే కథ, ఉద్యోగానికీ దానికీ సంబంధం లేదు కాబట్టి అడగొద్దు. చిన్నపిల్లల ఎదుగుదల ఎలా ఉందో చూసే పనిలో చేరి, జిల్లా అంతా బస్సుల్లో తిరిగి, పోయిన సంవత్సరం రిటైరయ్యాను. ప్రమోషన్లు, బదిలీలు రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి.

పిలిస్తే తిరిగి చూడని పిల్లలు, మాట ఆలస్యమైన పిల్లలు, ఒక్క వస్తువునే పట్టుకుని తిప్పుతూ కూర్చునే పిల్లలు ఉంటారు. వాళ్లలో ఆటిజం ఉండవచ్చనిపించిన వాళ్లను చిన్న వయసులోనే పట్టుకుని పెద్ద డాక్టర్ల దగ్గరికి చేర్చడం మా పని. ముందే తెలిస్తే ఎంతో నేర్పించవచ్చు. మొదట్లో నా సంచిలో చెక్క దిమ్మెలు, ఒక బొమ్మ, ఒక గిలక్కాయ ఉండేవి. చివరి ఏళ్లలో వాటి బదులు ట్యాబ్ వచ్చింది. అందులో అన్నీ ఆటలే. పైకి తేలే బుడగలను వేలితో పగలగొట్టాలి. చుక్కల గీత మీద వేలు జరుపుతూ సీతాకోకచిలుకను పువ్వు దాకా తీసుకుపోవాలి. ఇంకో ఆటలో రెండు బటన్లు ఉంటాయి. ఒకటి నొక్కితే ఒక పాప నవ్వుతూ కనిపిస్తుంది, రెండోది నొక్కితే రంగుల చక్రం తిరుగుతుంది. పిల్ల దేన్ని ఎక్కువ నొక్కింది, వేలు ఎక్కడ ఆగింది, కళ్లు ఎటు పోయాయి, అన్నీ ట్యాబ్ గమనించుకుంటుంది. చివర్లో పచ్చ రంగో, పసుపు రంగో చూపిస్తుంది. పచ్చ అంటే ఇప్పటికి దిగులు లేదని, పసుపు అంటే ఇంకా నిదానంగా చూడాలని. అంతే. ఆటిజం ఉందని ట్యాబ్ ఎప్పుడూ చెప్పదు. ఈ మాట మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి.

గమ్మున ఉండటం

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది నోరు మూసుకోవడం. పిల్ల ఆడుతున్నంతసేపూ పక్కనున్నవాళ్లు చెప్పకూడదు, చూపించకూడదు, శభాష్ అని కూడా అనకూడదు. మన సీమలో ఇది అయ్యే పనేనా? ట్యాబ్ బయటికి తీస్తే చాలు, సగం ఊరు వచ్చి చుట్టూ నిలబడేది. ఒకసారి ఒక తాత మనవడి తల మీదుగా వంగి, "ఆడ నొక్కు రా, ఆడ! ఆ పురుగును ఇడ్సిపెడ్తాండావే!" అని గోల చేశాడు. "ఏమప్పా, పరీక్ష నీకా, వానికా?" అన్నాను. "వానికి రాకుంటే నేను ఆడి చూపిస్తా, దానికేముండాది?" అన్నాడాయన. తనకు ట్యాబ్ ఇవ్వలేదని నేను వెళ్లేదాకా అలిగే ఉన్నాడు.

జనాన్ని పంపించేయడం నేర్చుకున్నాను. ఆ తర్వాత నేనూ పిల్లా మిగిలేవాళ్లం. నేను నవ్వకూడదు, తల ఊపకూడదు. మధ్యాహ్నం బడి వసారాలో ఒక్కదాన్నే క్యారియర్ విప్పేదాన్ని. ఊర్లో వాళ్లు మంచివాళ్లే, చెంబుతో మజ్జిగ తెచ్చి పెట్టేవాళ్లు. పక్కన మాత్రం కూర్చునేవాళ్లు కాదు. కూర్చుంటే తమ పిల్లల్లో కూడా ఏదో ఒకటి పట్టుకుంటానని భయం. ఆ మజ్జిగ తాగుతూ, రోడ్డు మీద దుమ్ము లేవడం చూస్తూ బస్సు కోసం ఎదురుచూసిన మధ్యాహ్నాలే నా ఉద్యోగంలో ఎక్కువ.

తాడిపత్రి పిల్లవాడు

ఒక చిన్న సంగతి చెప్పి అసలు కథకు వస్తాను. తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టే యూనిట్ పక్కనే కాపురం ఉంటున్న వాళ్ల పిల్లవాడికి ట్యాబ్ పసుపు చూపించింది. పిలిస్తే పలకడు, మాట లేదు. నాతో వచ్చిన ఆవిడ, నాకంటే పెద్ద చదువే చదివింది, బస్సెక్కే లోపలే ఆటిజం అని తేల్చేసింది. నాకు ఒకటి మాత్రం పొసగలేదు. వాడు నవ్వే పాప బటన్ నొక్కి, నొక్కిన ప్రతిసారీ తల తిప్పి వాళ్లమ్మ మొహం చూశాడు, నువ్వూ చూడు అన్నట్టు. చెవులు పరీక్ష చేయించమన్నాను. లోపం చెవుల్లోనే ఉంది. రంపాల చప్పుడులో ఎవరూ ఎవరినీ మెల్లగా పిలవరు కాబట్టి ఇంట్లో వాళ్లకు తెలియలేదు. ఇంకా చూడాలని ట్యాబ్ చెప్పింది నిజమే. అది చెప్పనిది మనం చదివితే తప్పు దానిది కాదు.

పచ్చని ఊరు

మా పై అధికారి ఒక డాక్టరు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయనకు పిల్లలకన్నా తెర మీది రంగులంటే ముచ్చట. ఒకరోజు బెళుగుప్ప వైపు ఒక ఊరి అంగన్‌వాడీ నుంచి వచ్చిన ఫలితాలు నా ముందు పెట్టి, "చూడండి మేడమ్, ఒక్క పసుపు కూడా లేదు" అని మురిసిపోయాడు. అప్పటికి కొన్ని ఊర్లలో అంగన్‌వాడీ టీచర్లకే శిక్షణ ఇచ్చి ట్యాబులు ఇచ్చాం.

నేను సీతాకోకచిలుక గీతలు తెరిచి చూశాను. నాలుగేళ్ల పిల్ల గీసే గీత తాగినవాడి నడకలా ఉంటుంది. ఇక్కడ ప్రతి గీతా నింపాదిగా, తిన్నగా వెళ్లి పువ్వు మధ్యలో ఆగింది.

"ఇవన్నీ ఒకే చేత్తో గీసినట్టున్నాయి సార్" అన్నాను.

"మీకు అన్నిటిలోనూ అనుమానమే మేడమ్. ఈ వయసులోనైనా ప్రశాంతంగా ఉండండి" అన్నాడు. నా ప్రశాంతత సంగతి ఈయనకెందుకో అనుకుని మరుసటి రోజు బస్సెక్కాను.

ఆ ఊరి పేరు రాయను. అంగన్‌వాడీ టీచరు హనుమక్క నన్ను చూడగానే చాప పరిచింది.

"మా పిల్లోళ్లు బాగ చేసినారు కదా మేడమ్?"

"బాగా చేశారమ్మా. ఎట్ల చేయించినావో ఒకసారి చూపించు."

ఆమె ఒక పిల్లవాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. వెనకనుంచి తన కుడిచెయ్యి చాచి, వాడి పిడికిలిని తన చేతిలోకి తీసుకుని, వాడి చూపుడువేలును సీతాకోకచిలుక మీద పెట్టి, మెల్లగా పువ్వు దాకా నడిపించింది. పలక మీద అ, ఆ దిద్దించినట్టే.

"చెయ్యి పట్టకూడదని చెప్పినాం కదమ్మా."

"పట్టకుంటే వాళ్లకు ఎట్ల వచ్చాది మేడమ్? మీకు చిన్నప్పుడు ఎవురూ పట్టి దిద్దియ్యలేదా?"

నాకు వచ్చిన కోపం అక్కడే చచ్చిపోయింది. మా నాయన దిద్దించాడు, దూది అంటుకున్న చేత్తో. హనుమక్క మోసం చేయలేదు. మనదగ్గర పిల్లకు మొదటిసారి ఏది చేతికిచ్చినా వెనకనుంచి చెయ్యి పట్టుకుని చేయించడమే ప్రేమ. పిల్ల తప్పు చేస్తుంటే చూస్తూ కూర్చోవడం మనవాళ్లకు చేతకాదు, అది నిర్దయగా తోస్తుంది. ట్యాబ్ తయారుచేసిన వాళ్లకు ఈ సంగతి తెలియదు. మీరైనా గుర్తుపెట్టుకోండి. శిక్షణలో "చెయ్యి పట్టొద్దు" అని చెప్పి ఊరుకుంటే చాలదు, ఎందుకు పట్టకూడదో చెప్పాలి.

హనుమక్కను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమని పిల్లలందరినీ మళ్లీ ఆడించాను. గీతలు హాయిగా వంకర్లు పోయాయి. పచ్చలు మళ్లీ పచ్చలే అయ్యాయి, ఒక్క పిల్లకు తప్ప.

చైత్ర

చైత్రకు అప్పుడు నాలుగేళ్లు. ఊరంతా మెచ్చుకునే పిల్ల. ఏడవదు, అల్లరి చేయదు, ఎవరి జోలికీ పోదు. చెనిక్కాయ పొట్టు వరసగా పేర్చుకుంటూ పొద్దుగూకేదాకా కూర్చుంటుంది. ఆడపిల్ల కాబట్టి దాన్ని బుద్ధి అనుకున్నారు. మగపిల్లవాడై ఉంటే ఎప్పుడో ఆసుపత్రికి ఎత్తుకొచ్చేవాళ్లు. చైత్ర నవ్వే పాపను ఒకసారి చూసి మళ్లీ ఆ బటన్ ముట్టుకోలేదు. చక్రాన్నే తిప్పింది. బుడగలను పగలగొట్టకుండా, తల వంచి, అవి పైకి పోయేదాకా కంటి కొసనుంచి చూసింది. అంత శ్రద్ధగా ఎవరైనా దేన్నైనా చూడటం నేను తక్కువ చూశాను.

ఆ పిల్ల తల్లి లక్ష్మీదేవి వాకిలి దగ్గర నిలబడి ఉంది. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది, చెనిక్కాయ పంట పోయింది. ఆమె భర్త తిప్పేస్వామి బెంగుళూరులో ఇండ్లకు టైల్స్ పరిచే పనికి పోతున్నాడు. ఈసారి లక్ష్మీదేవి కూడా పోవాలి, బిడ్డను అత్త దగ్గర విడిచిపెట్టాలి అని నిర్ణయమైంది. ట్యాబ్ పచ్చ చూపించింది కాబట్టి ధైర్యంగా మూట కట్టుకుంది. పెళ్లయిన నాటినుంచి ఆమె కోరిక అదే, మొగుడితో విడిగా ఒక గదిలో నాలుగు రోజులు కాపురం.

"మొన్న బాగుండాదని చెప్తిరి కదా మేడమ్?" అంది.

"మొన్న ఆడింది హనుమక్క చెయ్యి తల్లీ. ఇప్పుడు ఆడింది నీ బిడ్డ."

ఇది ఇంకా తేలలేదని, అనంతపురంలో పెద్ద డాక్టర్లు చూడాలని చెప్పాను. ఒకవేళ ఆటిజమే అయినా అది రోగం కాదని, బిడ్డ లోకాన్ని చూసే తీరు వేరని, నీ మొహం చూడకపోయినా నువ్వంటే దానికి ప్రేమ ఉంటుందని, నేర్పితే నేర్చుకుంటుందని చెప్పాను. నేర్పాల్సింది ఎక్కువగా తల్లే అని కూడా చెప్పాను.

"అంటే నేను పోగూడదా?"

పెద్ద డాక్టర్ల దగ్గరికి రావాల్సిన రోజు కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టాను. అదే నా జవాబు.

తిప్పేస్వామి అంతసేపూ బయటే, అరుగు బండల మధ్య సందులను చూస్తూ నిలబడ్డాడు. నా వైపు గాని, ఏడుస్తున్న పెండ్లాం వైపు గాని తల తిప్పలేదు. "నువ్వేమంటావప్పా?" అని అడిగాను. "బస్సుకు టైమైతాంది" అని సంచి తీసుకుని వెళ్లిపోయాడు. ఈ రాతిమనిషితో లక్ష్మీదేవి ఎట్లా వేగుతుందో అనుకున్నాను.

అనంతపురంలో డాక్టర్లు చూసి ఆటిజమే అన్నారు. లక్ష్మీదేవి మూట విప్పేసింది.

మంగళవారాలు, శుక్రవారాలు

వారంలో ఆ రెండు రోజులూ ఆమె బిడ్డను తీసుకుని అనంతపురంలో ఇలాంటి పిల్లలకు నేర్పే మా కేంద్రానికి వచ్చేది. ఎండ అనలేదు, బస్సులో నిలబడి రావాలి అనలేదు. చెప్పినదంతా చేసింది. చైత్ర మొదట గ్లాసు బొమ్మ చూపించి నీళ్లు అడగడం నేర్చుకుంది, తర్వాత "నీల్లు" అంది. బంతి నా వైపు తోసి, నేను మళ్లీ తోసేదాకా ఆగడం నేర్చుకుంది. ఆ ఆగడం కోసం ఎన్ని నెలలు కష్టపడ్డామో మాకే తెలుసు.

లక్ష్మీదేవి మాత్రం నాతో మాట్లాడలేదు. "ఊ", "సరే", "ఆయ", ఇవే ఆమె మాటలు. ఏళ్లు గడిచినా అంతే. తిప్పేస్వామి ఉగాదికి వచ్చి ఒక మూల కూర్చుని పోతాడని, బెంగుళూరులో ఇంకొకతె ఉందని ఊర్లో అంటున్నారని హనుమక్క ద్వారా వినేదాన్ని. వింటుంటే ఆ కాపురాన్ని విడగొట్టింది నేనే అనిపించేది. కాదని నాకు నేనే వాదించుకునేదాన్ని. వాదన గెలిచినా మనసు తేలికయ్యేది కాదు.

ఇది మీకు శిక్షణలో చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. బజారులో నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయే తల్లులు ఈ ఊర్లో చాలామంది ఉన్నారు. వాళ్ల పిల్లల సంగతి మొదట చెప్పినది నేను. ఆ రోజుకు నా మొహం అతుక్కుపోయింది. పెళ్లిళ్లకు పిలవరు. పిల్ల బాగుపడినా వచ్చి చెప్పరు, ఆ సంగతే మరిచిపోవాలనుకుంటారు. వాళ్ల తప్పు లేదు. ఇంటికి పోతే పలకరించే మనిషి ఉన్నవాళ్లకు ఇది అంత తగలదేమో. నాకు తగిలింది. కొన్ని శుక్రవారాలు ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయేదాన్ని. ఎవరితోనైనా మాట్లాడాలనిపించేది, ఎవరూ గుర్తొచ్చేవాళ్లు కాదు.

పెద్దోళ్లకు పెట్టొచ్చా

నా ఉద్యోగం ముగిసే ముందు ఒక శుక్రవారం. చైత్ర చక్రాల బండితో ఆడుకుంటోంది. లక్ష్మీదేవి వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"మేడమ్, ఒకటి అడగల్ల."

నేను చేతిలో ఉన్నది కింద పెట్టేశాను.

"ఈ ట్యాబ్ ఆట పెద్దోళ్లకు పెట్టొచ్చా?"

"ఎవరికి?"

"చైత్రోళ్ల నాయనకు."

ఆమె తన ఫోన్ తీసి చూపించింది. అన్నీ ఫోటోలే. అప్పుడే పరిచిన టైల్స్, గోడనుంచి గోడకు. ఒక్కదానిలోనూ మనిషి లేడు.

"దినామూ సందేళ ఒకటి పంపిస్తాడు మేడమ్. ఒగ మాట ఉండదు. తింటివా అని ఉండదు. నాకు కడుపు మండి తీసేస్తాంటి. మొన్న చైత్ర చూసింది. ఆ గీతల మింద ఏలు పెట్టి ఈ కొననించి ఆ కొనకు పోయి, నన్ను చూసి నగింది. నన్ను చూసి మేడమ్! అప్పుడు తట్టింది నాకు. మా అత్తనడిగితే, ఆయప్పకూ మాట శానా ఆలిస్యంగా వచ్చిందంట. జనాలుంటే ఉండలేడు. పెండ్లినాడు మ్యాళాల సద్దుకు పీటలమింద నించి లేసి పాయ. వానికి పిల్ల నచ్చలేదని ఊరంతా అనుకునిరి. నేనూ అదే అనుకొంటి, ఇన్నేండ్లూ."

ఆ మనిషిని రాయి అని ఒక్క చూపుకే తేల్చేసిన నేను ఇన్నేళ్లు ఏం పరీక్షలు చేశానో అనిపించింది. చివరికి ఉద్యోగం చెప్పించే మాటే చెప్పాను. ఈ ఆట చిన్నపిల్లలకే, పెద్దవాళ్లకు పనికిరాదు, ఆయన్ను పెద్ద డాక్టరుకు చూపించవచ్చు, చూడకుండా నేను ఏదీ చెప్పలేను అని.

"పేరు పెట్టించుకోను రాలేదులే మేడమ్" అంది. "ఒకటి చెప్పండి సాలు. చైత్ర నా మొగం చూడకపోయినా నేనంటే ప్రేమ ఉంటాదని మీరే చెప్తిరి కదా?"

"చెప్పినా."

"అట్లయితే ఆయప్పకూ ఉండొచ్చు కదా?"

ఏ పరీక్షా చేయకుండా, ఏ రంగూ చూడకుండా నేను చెప్పిన ఒకే ఒక్క ఫలితం అది. "ఉండొచ్చు" అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నేను ఉండబట్టలేక అడిగాను, ఇన్నేళ్లు నాతో ఎందుకు మాట్లాడలేదని. నా మీద కోపమా అని.

"కోపం ఉండె. యాల అబద్దం చెప్పల్ల? కానీ మాట్లాడకుండా ఉండింది దానికి కాదు. మీతో మాట్లాడితే నాకు ఏడుపొచ్చాది. ఏడిస్తే చైత్ర చెవులు మూసుకుని మూలకు పోతాది. అందుకే గమ్మునుంటి."

బస్టాండులో

నేను రిటైరైన కొన్నాళ్లకు వాళ్లు బెంగుళూరు బయల్దేరారు, ఈసారి తల్లీ బిడ్డా ఇద్దరూ. తిప్పేస్వామి పని దొరికే చోటికి దగ్గర్లో పిల్లలకు నేర్పే కేంద్రం ఒకటి ఉందని విచారించి, అక్కడివాళ్లతో నేనే మాట్లాడి పెట్టాను. అది నా ఉద్యోగం కాదు, అప్పటికి నాకు ఉద్యోగమే లేదు. వాళ్ల కాపురం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆమె అనుకున్నది నిజం కావచ్చు, కాకపోవచ్చు. వెళ్లి చూడాలని మాత్రం ఆమె తేల్చుకుంది.

అనంతపురం బస్టాండుకు వెళ్లాను. చైత్ర ఇటు వైపు చూడలేదు, బస్సు చక్రాలనే చూసింది. తర్వాత తల్లి ఒళ్లో కూర్చుని అటు కిటికీ వైపు తిరిగింది. నేను చెయ్యి ఊపినా ఊపకపోయినా ఒకటే అని తెలిసి కూడా ఊపాను. బస్సు కదిలాక లక్ష్మీదేవి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మేడమ్! ఒక్కరే ఉంటారు. వండుకోకుండా అట్లే పండుకోవద్దండి. టైముకు తినండి!"

ఎందరో తల్లులకు పిల్లలకు ఏం పెట్టాలో, ఎలా తినిపించాలో చెబుతూ బతికాను. నన్ను తినమని ఒక తల్లి చెప్పడం నా ఉద్యోగంలో అదే మొదలు, అది కూడా ఉద్యోగం అయిపోయాక. మైకులో తాడిపత్రి బస్సు సంగతి చెబుతున్నారు, నన్ను దాటుకుని జనం పోతున్నారు. నేను నిలబడి అందరి ముందూ ఏడ్చాను. ఏడిస్తే చెవులు మూసుకునేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

దారిలో వంకాయలు కొన్నాను. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి, ఒక్కదానికే అయినా, పప్పూ వేపుడూ రెండూ వండుకున్నాను.